అక్క పంపిన పుల్ల

వీధి వైపు గది, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 9

చిరంజీవి తమ్ముడికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నీ నడుం సంగతీ నా మోకాళ్ళ సంగతీ గుర్తొచ్చి మానేశాను. మొదటి మాటే అబద్ధం ఎందుకు?

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటున్నారు మీ బావ. నీతో ఫోన్లో మాట్లాడటం అంటే నూతిలోకి అరవటమే. నేను పది మాటలంటే నువ్వొక "ఊఁ" అంటావు, వెనకాల నీ మోటారు ఇంకో "ఊఁ" అంటుంది, ఏది ఎవరిదో తెలియదు. కాగితం మీదయితే తప్పించుకోలేవు. కనీసం నాలుగు వాక్యాలు రాయాలి, అందులో నేను దిద్దుకోవటానికి ఆరు తప్పులుండాలి.

ఏటా పంపినట్టే ఈ ఏడూ నా గులాబీ చెట్టు పుల్లలు పంపుతున్నాను. ఆరు. పెన్సిలంత లావు, జానెడు పొడుగు. ఒక్కోదానికి చిగురు లేచే కన్నులు నాలుగైదున్నాయి, లెక్కపెట్టే కోశాను. తడిగుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్ కాగితం, ఆపైన ఇవాళ్టి పేపరు. రెండో పేజీ ఇంకా చదవలేదని మీ బావ గొడవ. చదివి ఎవరిని ఉద్ధరిస్తారు అన్నాను. అలిగి పెరట్లోకి వెళ్ళారు, టీ టైముకి వచ్చేస్తారులే.

చెట్టు ఈ ఏడు మంచి బలం మీద ఉంది. గేటు దాటి వీధిలోకి వాలింది. మొగ్గప్పుడు పసుపు, విచ్చుకునేటప్పుడు అంచులకి సిగ్గుపడ్డట్టు ఎరుపు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, అడిగినవాళ్ళకల్లా ఒక్కో పుల్ల ఇస్తున్నాను. కుట్టుమిషను ఆవిడకి ఇచ్చాను, స్టవ్వులు బాగుచేసే ఆయనకి ఇచ్చాను, ఎదురింటి నర్సుకి రెండిచ్చాను. నువ్వేమో దానికి "టీచరమ్మ" అని పేరు పెట్టి, "పువ్వు చూడ్డానికి బాగుంటుంది, దగ్గరికెళ్తే గుచ్చుతుంది" అని చెప్పి అమ్ముతున్నావట. మరదలు చెప్పింది. ఉప్పందించేవాళ్ళు నాకు మీ ఇంట్లోనే ఉన్నారు, జాగ్రత్త.

చెట్టు మొదలు కూడా లావెక్కింది. మట్టికి కాస్త పైన పిడికిలంత ముడి కట్టింది. మీ బావ మోకాలిచిప్పలా ఉంది అన్నాను, ఆయన పంచె కిందికి లాక్కున్నారు. పదహారేళ్ళ చెట్టు, ఆ మాత్రం గట్టిపడదూ! చలి తగలకుండా దాని మీదికి మట్టి ఎగదోశాను.

తొమ్మిదో తరగతిలో వృక్షశాస్త్రానికి నీకు ముప్పై ఒకటి వేసిన చేత్తోనే ఈ పుల్లలు కోశాను. బతికించు.

మీ అక్క


నర్సరీ షెడ్డు
ఫిబ్రవరి 20

అక్కకి నమస్కారం.

పొట్లం అందింది. ఒక పుల్ల వంగింది, అయిదు బాగున్నాయి. నీ చేతి పుల్ల ఎప్పుడూ వాడిపోయి రాదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇవాళ పొద్దున్న నాటుగులాబీ మొక్కలకి గాటు పెట్టి కన్నులు కట్టే పని మొదలుపెట్టాం. అంటు కట్టే అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. కిందటేడు చెప్పాను గుర్తుందా, ఊళ్ళో కొత్తగా వేస్తున్న పార్కుకి గులాబీలు కావాలన్నారని. అది ఖాయం అయింది. ఎనిమిది వందల మొక్కలు, అన్నీ మన దగ్గరివే. నవంబరులో నాటుతారు. దారికి రెండు వైపులా మన మొక్కలే ఉంటాయి. నీ మరదలు ఇప్పట్నించే అక్కడికి వాకింగుకి వెళ్తానంటోంది. అక్కడ ఇంకా కంకర గుట్టలు తప్ప ఏమీ లేవు.

ఏటా చేసినట్టే మొదటి కన్ను నీ పుల్లదే కట్టాను. కొత్త బ్లేడు తీసి, మొదటి వరసలో మొదటి మొక్కకి కట్టి, ఒకటో నంబరు రేకు తగిలించాను. మిగతావి వరసగా కట్టుకుంటూ పోయాం. సాయంత్రం దాకా కత్తి కింద పెట్టలేదు.

అక్కచెల్లెళ్ళలో పెద్దమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. బయటినుంచి ఏ పుల్ల వచ్చినా నేను నలభై రోజులు నీళ్ళతొట్టి వెనకాల మూలన ఉంచుతానని నీకు తెలుసు కదా. దానికి వేరే కత్తి, వేరే బకెట్టు. ఆ మూలని మేం కొత్తవాళ్ళ మూల అంటాం. ఏ రోగమూ లేదని తేలాకే లోపలికి రానిస్తాను. "మరి ఈ పుల్లలు మూలకి వెళ్ళవా సార్?" అంది. "అవి మా అక్క పంపినవి. మా అక్కని గుమ్మం బయట నిలబెడతానా?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది.

ఈ ఉత్తరంలో తప్పులు ఎన్నో చెప్పు.

తమ్ముడు


వీధి వైపు గది
మార్చి 2

తమ్ముడూ,

తప్పులు మూడే. ముసలితనంలో బాగుపడుతున్నావు.

నన్ను గుమ్మం బయట నిలబెట్టనందుకు సంతోషం. నిలబెట్టినా నేను నిలబడే రకం కాదని నీకు తెలుసు. ఆ పిల్లకి కూడా చెప్పు.

పార్కు సంగతి వీధిలో అందరికీ చెప్పాను. మీ బావ ద్వారా కాదులే, ఆయన చెబితే నవంబరుకి గాని ఎదురింటికి చేరదు. నవంబరులో మనవరాలిని తీసుకుని వస్తాను. ఎనిమిది వందల మంది టీచరమ్మలు రెండు వరసల్లో నిలబడితే ఆ పార్కులో ఎవరు గోల చేస్తారో చూస్తాను.

అక్క


నర్సరీ షెడ్డు
జూన్ 11

అక్కకి నమస్కారం.

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ చిన్న ఇబ్బంది వచ్చింది.

మొక్కలకి గడ్డలు లేస్తున్నాయి. కన్ను కట్టిన చోట, ఇంకా మట్టికి ఆనుకుని మొదట్లో. ముందు బఠాణీ గింజంత తెల్లగా, మెత్తగా ఉంటుంది. పది రోజుల్లో నిమ్మకాయంతై గరుకు తేలుతుంది. వేలితో గీరితే పొడిపొడిగా రాలుతుంది. మొదటి వరసలో మొదలైంది. ఇప్పుడు నాలుగు వరసల్లో ఉంది. చిగుర్లు పసుపు రంగుకి తిరిగి ఎదగటం లేదు.

పరిశోధనా కేంద్రానికి కబురు పెట్టాను. మొక్కల డాక్టరమ్మని పంపుతామన్నారు. నువ్వు కంగారుపడకు. మందు ఉంటుంది.

బావగారిని అడిగానని చెప్పు.

తమ్ముడు


వీధి వైపు గది
జూన్ 16

ఒరేయ్,

చిన్న ఇబ్బంది అని మొదలుపెట్టి నాలుగు వరసలు అంటావేమిటి? నీ చిన్నా పెద్దా కొలతలు చిన్నప్పట్నించీ ఇంతే. చెయ్యి విరిగిన రోజు కూడా "కొంచెం వంగింది" అని చెప్పి బడికొచ్చావు.

ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా విను. కత్తులన్నీ మరగబెట్టండి. ఆ నీళ్ళతొట్టి కడిగి ఎన్నాళ్ళయింది? గడ్డ ఉన్న మొక్కని ముట్టుకున్న చేత్తో మంచి మొక్కని ముట్టుకోవద్దని ఆ అక్కచెల్లెళ్ళకి చెప్పు. రోడ్డవతల నర్సరీవాడు, నువ్వు లౌడుస్పీకరు అంటావే, ఉన్నాడు కదా, వాడు గొంతు సవరించుకుంటూ మీ పాకలోకి వచ్చి అన్నీ కెలికి పోతుంటాడు. వాణ్ణి రానివ్వకు.

అన్నిటికంటే ముఖ్యం, మొదటిది ఏదో కనిపెట్టు. రోగం గాల్లోంచి ఊడిపడదు. ఎవరో తెచ్చారు. నలభై రోజులు మూలన కూర్చోబెడతానని గొప్పలు పోయావే, ఎవరిని ముందే లోపలికి రానిచ్చావో గుర్తుతెచ్చుకో. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఊరికే అనటం లేదు. మూలం దొరికితేనే మందు.

వెంటనే రాయి. నాలుగు వాక్యాలు చాలవు.

అక్క


షెడ్డు
జులై 3

అక్కకి,

డాక్టరమ్మ వచ్చి వెళ్ళింది. చిన్నపిల్ల, మన పెద్దదాని వయసు ఉంటుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా మోకాళ్ళమీద కూర్చుని వరసంతా చూసింది. టీ కూడా తాగలేదు.

దీన్ని మొదలుగడ్డ తెగులు అంటారట. కంటికి కనబడని పురుగు, గాయంలోంచి లోపలికి పోతుంది. మేం చేసేదే గాయం కదా. కన్ను కట్టాలంటే కొయ్యకుండా ఎలా? కత్తి ఒకదాన్నించి ఇంకోదానికి మోసుకుపోయింది. మందు లేదు. గడ్డ కోసేస్తే మళ్ళీ లేస్తుంది. పీకి కాల్చెయ్యటం ఒక్కటే దారి. బయటికి బాగా కనబడుతున్నవి కూడా.

పీకుతున్నాం. ఇవాళ్టికి మూడు వందల ఇరవై అయ్యాయి. అక్కచెల్లెళ్ళిద్దరూ తాము కట్టిన కన్నుల్ని తామే పీకుతున్నారు. చిన్నమ్మాయి ఒక్కో మొక్క పీకి, కన్ను చుట్టూ కట్టిన దారం విప్పి, అప్పుడు మంటలో వేస్తోంది. దారం ఎందుకమ్మా విప్పటం అంటే, "అలవాటు సార్" అంది.

మట్టిలో కూడా ఉండిపోతుందట. నాలుగైదేళ్ళు ఆ నేలలో గులాబీ పెట్టకూడదు. పార్కువాళ్ళకి ఇవ్వలేనని చెప్పేశాను. వాళ్ళకి లౌడుస్పీకరు ఇస్తాడు. వచ్చేవారం నుంచి నేను ఉదయంపూట అతని దగ్గరికి వెళ్తున్నాను, సంచుల్లో మట్టి నింపే పనికి. మంచివాడే అక్కా. నేను లోపలికి అడుగుపెట్టినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడాడు. అది విని నాకు ఏదోలా అయింది.

మూలం అడిగావు. బయటినుంచి వచ్చిన పుల్లే అంది డాక్టరమ్మ. ఎక్కడిదని ఇప్పుడు ఎంచి లాభం లేదు.

తమ్ముడు


వీధి వైపు గది
జులై 8

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మీ బావకి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. పేపరు ముట్టుకోలేదు.

నేను వస్తాను అంటే ఈ మోకాళ్ళతో నువ్వే నన్ను మోయాలి. వచ్చి మాత్రం ఏం చేస్తాను? వంగలేను, పీకలేను. కుర్చీ వేయించుకుని కూర్చుని సలహాలిస్తాను. ఆ పని ఇక్కణ్ణుంచీ చేస్తూనే ఉన్నాను. చేతులు కట్టేసినట్టుంది రా.

లాభం లేదు అన్నావే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. నువ్వు ఎవరినీ ఒక మాట అనవు. అనటం నాకు వచ్చు. ఆ పుల్ల పంపినవాడికి ఉత్తరం రాశాను, దీంతోపాటు పెడుతున్నాను. కవరు మీద చిరునామా ఖాళీగా ఉంచాను. నువ్వు రాసి పోస్టు చెయ్యి. ఒక్క అక్షరం మార్చావంటే ఊరుకోను.

అక్క

—

అయ్యా, లేక అమ్మా,

మీరెవరో నాకు తెలియదు. మీ ఇంట్లో చెట్టుకి రోగం ఉంది. దాన్ని మీరు అందంగా కట్ట కట్టి మా తమ్ముడికి పంపారు. వాడు మిమ్మల్ని నమ్మి లోపలికి రానిచ్చాడు. ఇవాళ వాడి చేతులమీదుగా ఎనిమిది వందల మొక్కలు మంటల్లోకి వెళుతున్నాయి. పాతికేళ్ళు సొంత నేలమీద నిలబడ్డవాడు ఎదుటివాడి షెడ్డులో సంచులు నింపుతున్నాడు.

కొమ్మ కోసేముందు ఒక్కసారి వంగి చెట్టు మొదలు చూడలేకపోయారా? కళ్ళిచ్చింది కళ్ళజోడు తగిలించుకోవటానికేనా? తెలియక చేశాను అంటారేమో. తెలియదన్న మాట పసిపిల్లలకి చెల్లుతుంది. చెట్టు పెంచి, పుల్ల కోసి, నలుగురికీ పంచి దాతననిపించుకునేవాళ్ళకి చెల్లదు.

మీరు చెయ్యాల్సిన పని చెబుతున్నాను. ఇప్పటిదాకా ఎవరెవరికి పుల్లలిచ్చారో ప్రతి గడపకీ స్వయంగా వెళ్ళండి. వంగి, మట్టి తీసి, రోగం ఉందో లేదో చూసి చెప్పండి. మోకాళ్ళు నొప్పెడితే నొప్పెట్టనివ్వండి.

మా తమ్ముడికి మాత్రం జన్మలో మీ మొహం చూపించకండి.

ఒక రిటైర్డ్ వృక్షశాస్త్రం టీచరు


ఇల్లు
ఆగస్టు 5

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం అందింది. చిరునామా దొరకలేదు, అందుకని పోస్టు చెయ్యలేదు. నా దగ్గరే ఉంది.

పీకటం అయిపోయింది. నేలంతా ఖాళీగా ఉంది. గడ్డి విత్తనం చల్లమంది డాక్టరమ్మ, గడ్డికి ఆ తెగులు పట్టదట. చల్లాను. అక్కచెల్లెళ్ళు బట్టలకొట్లో పనికి కుదిరారు. పెద్దమ్మాయి వెళ్ళేటప్పుడు తన కత్తి కడిగి, నూనె రాసి ఇచ్చి వెళ్ళింది.

ఇంకో సంగతి. వచ్చే ఏడు పుల్లలు పంపకు. ఈ నేలలో గులాబీ పెట్టకూడదు కదా. అలాగే నీ చెట్టు మొదట్లో మట్టి కదపకు. వయసైన చెట్టు, వేళ్ళు కదిలితే తట్టుకోదు. అలా వదిలెయ్యి.

వీధిలో వాళ్ళకి కూడా ఇప్పట్లో పుల్లలు ఇవ్వకు. వానలు, కుళ్ళిపోతాయి.

తమ్ముడు


వీధి వైపు గది
ఆగస్టు 9

ఒరేయ్,

పదహారేళ్ళుగా ఏటా మొదలు గుల్ల చెయ్యి, మట్టి తిరగెయ్యి, గాలి తగలనివ్వు అని నా ప్రాణం తీసినవాడివి నువ్వే. ఇప్పుడు కదపకు అంటున్నావు. అబద్ధం ఆడటం నీకు ఏనాడూ రాలేదు.

ఉత్తరం బల్లమీద పెట్టి, వంటింట్లోంచి గరిట పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. కూర్చోవటానికే చాలాసేపు పట్టింది. మట్టి తీశాను.

ఉంది. పిడికిలి కాదు, ఇప్పుడు తలకాయంత ఉంది. పైన గట్టిగా నల్లగా, అంచుల్లో కొత్తగా తెల్లటి బఠాణీలు. గోటితో గీరాను. నువ్వు రాసినట్టే రాలింది.

ఫిబ్రవరిలో నేనే చూశాను. నా చేత్తోనే నీకు రాశాను. మీ బావ మోకాలితో పోల్చి నవ్వుకుని మట్టి కప్పాను. మనవరాలి పాఠ్యపుస్తకం ఇక్కడే ఉంది, తీసి చూశాను. నూట పన్నెండో పేజీలో బొమ్మ. ఆ బొమ్మ నల్లబల్ల మీద ముప్పై ఏళ్ళు వేశాను. కాండం, దాని పక్కన గడ్డ, గడ్డకి బాణం గుర్తు. కళ్ళు మూసుకుని కూడా వేస్తాను. నా గేటు పక్కన ఉంటే మాత్రం కనబడలేదు.

నిజం చెప్పు. ఆ ఉత్తరం నేను ఎవరికి రాశాను?


ఇల్లు
ఆగస్టు 15

అక్కా,

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. నీ మరదలూ అదే అంది.

డాక్టరమ్మ ప్రతి వరసలోనూ మొక్కలు పీకి కోసి చూసింది. అన్నిటికంటే పాత గడ్డ ఒకటో నంబరు రేకు ఉన్నదానికి ఉంది. ఈ పుల్ల ఎక్కడిది, ఎన్ని రోజులు వేరుగా ఉంచారు అని అడిగింది. ఒక్కరోజు కూడా ఉంచలేదు అన్నాను. ఎందుకని అడిగింది. నేనేం చెప్పాలి? పెద్దమ్మాయి పక్కనే ఉంది. తల వంచుకుంది.

తప్పు నాది. నీ పుల్ల కూడా మూలన ఉంచి ఉంటే నలభై రోజుల్లో తెలిసిపోయేది, ఆరు పుల్లలతో పోయేది. కత్తి మరుగునీళ్ళలో ముంచి ఉంటే ఒక్క మొక్కతో పోయేది. ఎవరి పుల్లకైనా ముంచుతాను. నీదానికి ముంచలేదు. చిన్నప్పుడు నువ్వు నా పలక కడిగిచ్చేదానివి, అన్నం తినే ముందు చేతులు వాసన చూసేదానివి. నీ దగ్గర్నించి వచ్చినదానికి మురికి ఉంటుందని నా బుర్రకి తోచలేదు. అంతే జరిగింది.

నీ చెట్టు పీకకు. వయసొచ్చిన చెట్టు ఆ గడ్డతోనే ఇంకా కొన్నేళ్ళు బతుకుతుంది, పూస్తుంది. దాన్ని కోసిన కత్తెర ఇంకో చెట్టుకి తగలకూడదు. దాని పుల్ల ఇంకెవరికీ వెళ్ళకూడదు.

ఏడవకు. నువ్వు ఏడుస్తావని కాదు, ఊరికే రాశాను.

తమ్ముడు


వీధి వైపు గది
సెప్టెంబరు 30

తమ్ముడూ,

జవాబు ఆలస్యమైంది. ఊరు తిరగటంలో ఉన్నాను. నా ఉత్తరంలో నేను వేసిన శిక్ష నువ్వు చదివావుగా, మళ్ళీ చెప్పక్కర్లేదు.

మీ బావని జాబితా రాయమన్నాను. పదిహేడు గడపలు తేలాయి. ఒక్కో పూట ఒక్కో ఇల్లు. నేను ముందు, వెనకాల ఆయన ఒక చేత్తో మరగబెట్టిన గరిట, ఒక చేత్తో ముక్కాలిపీట. వీధి వీధంతా చూసింది. స్టవ్వులు బాగుచేసే ఆయన, "అమ్మా, వంట మనిషిగా కుదిరారా?" అన్నాడు. ఆయన చెట్టుకి ఏమీ లేదు. లేదని చెప్పేదాకా ఆగాల్సింది, ముందే నవ్వాడు.

కుట్టుమిషను ఆవిడ చెట్టుకి ఉంది. నాలుగు పువ్వులతో ఉంది చెట్టు. "పీకెయ్యాలి" అన్నాను. "మీరిచ్చిందే కదండీ," అంది. కత్తెర పక్కన పెట్టి, లేచి వచ్చి, నేను వంగలేకపోతుంటే తనే పీకింది. ఆ అమ్మాయి నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఇంటికొచ్చేదాన్ని.

ఎదురింటి నర్సు రెండు చెట్లకీ ఉంది. ఆవిడ వాటి పుల్లలు వాళ్ళ ఆసుపత్రి తోటకి ఇచ్చిందట, వాళ్ళ చెల్లెలికి ఇచ్చిందట, ఆ చెల్లెలు ఎవరెవరికో ఇచ్చిందట. "ఎవరికిచ్చిందో కనుక్కోండి" అన్నాను. "ఎన్నని కనుక్కోనమ్మా" అంది. నిజమే. నా పదిహేడు గడపల వెనక ఎన్ని గడపలున్నాయో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. మీ బావ జాబితా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంక ఇంటికి పోదాం అన్నారు. వచ్చేశాం.

నీకేం చెయ్యగలను అని రోజూ ఆలోచిస్తున్నాను. నా చేతిలో ఉన్నదల్లా పాఠం చెప్పటం. ఆ పాఠం నాకే రాలేదు. డాక్టరమ్మకి ఉత్తరం రాశాను, ఏదన్నా మందు కొత్తగా కనిపెట్టారేమోనని. మందు లేదని మర్యాదగా రాసింది. ఇంకోసారి రాశాను. ఇంకా మర్యాదగా రాసింది.

ఆ ఉత్తరం నీ దగ్గరే ఉందన్నావు. చిరునామా ఇప్పుడు తెలిసిందిగా. పోస్టు చెయ్యి. నేను రాసింది నేను అందుకోవాలి. ఒక్క అక్షరం కూడా మార్చకు.

అక్క


ఇల్లు
అక్టోబరు 12

అక్కకి నమస్కారం.

చెప్పినట్టే పోస్టు చేస్తున్నాను. నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతావని తెలుసు.

గడ్డి మొలిచింది. నేలంతా ఒకే పచ్చగా ఉంది, ఎక్కడ ఏ వరస ఉండేదో ఇప్పుడు నాకే గుర్తు రావటం లేదు. పొద్దున్న లౌడుస్పీకరు దగ్గర పార్కు మొక్కలకి సంచులు నింపుతున్నాను. వచ్చేనెల నాటుతారు. నాటే చోటుకి నన్నూ రమ్మన్నాడు. రానన్నాను. కాసేపటికి, సరే వస్తానన్నాను. ఏమో, తెలియదు.

నీ ఉత్తరంలో నువ్వు అక్షరం మార్చొద్దన్నావు. మార్చలేదు. దిద్దాను. నా దగ్గర ఎర్ర పెన్సిలు ఉంది, రేకులమీద నంబర్లు వేసేది. అంతా బాగా రాశావు, చదువుకున్నదానివి. చివర ఒక్క వాక్యం తప్పు. మొహం చూపించకండి అన్నది. అది కొట్టేశాను.

బావగారి మోకాలు ఎలా ఉంది?

తమ్ముడు


వీధి వైపు గది, కిటికీ పక్క బల్ల
నవంబరు 6

తమ్ముడూ,

అందింది. నువ్వు గీసిన గీత వంకరగా ఉంది. స్కేలు పెట్టి గీయాలని ఎన్నిసార్లు చెప్పాను?

ఉత్తరం నూట పన్నెండో పేజీలో పెట్టాను. మనవరాలు తీసి చదివి, "ఎవర్ని ఇంతలా తిట్టావు అమ్మమ్మా?" అంది. తెలిసినావిడనే అన్నాను. ఆ వాక్యం ఎందుకు కొట్టేశావని అడిగింది. నేను కొట్టలేదు, ముప్పై ఒకటి వచ్చిన పిల్లవాడు కొట్టాడు అన్నాను.

ఒరేయ్, చెట్టు పూసింది. మామూలుగా కాదు. పదహారేళ్ళలో ఎప్పుడూ ఇన్ని పూయలేదు. ఆకు కనబడటం లేదు. మొదట్లో ఆ తలకాయంత గడ్డ అలాగే ఉంది, పైన మాత్రం ఇలా. చూస్తే నాకు కోపం వస్తోంది, చూడకుండా ఉండలేకపోతున్నాను. మీ బావ కుర్చీ అక్కడికే జరుపుకున్నారు. పేపరు ఒళ్ళో పెట్టుకుని చెట్టునే చూస్తున్నారు.

దారినపోయేవాళ్ళు ఆగుతున్నారు. నిన్న ఒకావిడ, ఈ వీధికి కొత్తగా వచ్చినట్టుంది, ఒక్క కొమ్మ ఇవ్వరా అంది. లేదు అన్నాను. ఇంత చెట్టుంది కదండీ, ఒక్క పుల్లే కదా అంది. అయినా ఇవ్వను అన్నాను. చెబుదామని నోరు తెరిచాను, పదిహేడు ఇళ్ళల్లో చెప్పి చెప్పి నా దగ్గర మాటలు అయిపోయాయి. ఆవిడ నావంక చూసి వెళ్ళిపోయింది. పిసినారి ముసలిది అనుకుని ఉంటుంది. అనుకోనీ.

పార్కులో మీవాళ్ళు ఎప్పుడు నాటుతున్నారో రాయి. మార్చి ఉత్తరంలో నేనొస్తానన్నాను కదా, ఇప్పుడు ఏ మొహంతో వస్తాను? ఆ వాక్యం నువ్వు కొట్టేసినా నా కంటికి గీత కిందనుంచి కనబడుతూనే ఉంది. కాబట్టి నువ్వే రా. ఆ నాటే రోజునే రా. అక్కడ నిలబడి ఎదుటివాడి మొక్కలు చూసేకంటే ఇక్కడ కూర్చుని మన చెట్టు చూడు. నేనేమీ మాట్లాడను. మాట్లాడితే ఆపు.

వచ్చేటప్పుడు కత్తి తేకు. వెళ్ళేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కో, చెప్పుల మట్టి దులుపుకో. గేటు దగ్గర బకెట్టు పెట్టి ఉంచుతాను. ఈసారి నిన్ను వాసన చూసిగాని పంపను.

అక్క